నా మెచ్చుకోలు ఉత్తరం వాపసు ఇప్పించుట గురించి

పురపాలక సంఘ కమిషనరు గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: కిందటి ఏడాది నేను తమకు సమర్పించుకున్న మెచ్చుకోలు ఉత్తరమును ఉపసంహరించుకొనుట, దానిని ఆధారము చేసుకొని మూసివేసిన కట్ల గదిని తిరిగి తెరిపించుట.

సూచిక: తమ ఫైలులో భద్రముగా నున్న నా ఉత్తరమే.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, నేను ముప్పై ఏడేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయినవాడను. బజారు వెనక వీధిలో, మూడో అంతస్తులో నేనూ నా భార్యా నివసిస్తున్నాము. ఆమెకు చక్కెర జబ్బు. ఎడమ పాదం కింద, బొటనవేలి మొదట్లో పుండు లేచి పద్నాలుగు నెలలైంది. దానికి రోజు విడిచి రోజు, తెలిసిన చేతులతో కట్టు మార్చాలి. ఇంతకు మించి మాకు ఈ లోకంతో గానీ తమ సంఘంతో గానీ పని లేదు.

1. మా వీధి చివర తమ సంఘం వారి గది ఒకటి ఉండేది. రెండు బల్లలు, ఒక సింకు, ఒక స్టీలు పళ్లెం, కత్తెర, దూది. కాలిన చేతులకూ, తెగిన వేళ్లకూ, మానని పుళ్లకూ అక్కడ కట్టు కట్టేవారు కనుక జనం దాన్ని కట్ల గది అనేవారు. అందులో ఉన్నది ఒకే ఒక్క నర్సమ్మ. మెట్లు దిగలేనివాళ్ల ఇళ్లకు ఆమె పని ముగిశాక తానే సంచీ పట్టుకుని వచ్చేది. అలా వెళ్లమని తమరెవరూ ఆమెకు చెప్పలేదు, వెళ్లినట్లు ఏ రిజిస్టరులోనూ లేదు. నా భార్య పుండు ఆమె చేతి చలవ వల్ల సీసా మూతంత నుంచి చొక్కా గుండీ అంతకు తగ్గింది.

2. అందుకు సంతోషం పట్టలేక నేను తమకు ఉత్తరం రాశాను. నా నేరం ఇదే. మూడు చిత్తు ప్రతులు రాసి, నాలుగోది సాపు చేశాను. ‘మా వార్డుకు ఈ విషయంలో ఏ లోటూ లేదు’ అన్న వాక్యం నాకు మరీ నచ్చి దాని కింద గీత కూడా గీశాను. నా భార్య చదివి, “ఇంత పొగడ్త దేనికండీ? ఆ పిల్లకి ఒక మంచి మాట చెప్తే చాలదా?” అంది. ఆఫీసు వాళ్లను మెచ్చుకునేవాడే ఉండడనీ, మనం మెచ్చుకుంటే ఆ పిల్లకు మేలు జరుగుతుందనీ నేను వాదించాను. పోస్టులో పోతుందేమోనన్న భయంతో స్వయంగా తెచ్చి ఇచ్చి, రసీదు కూడా పుచ్చుకున్నాను. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గర ఉంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

3. తరువాత కొన్నాళ్లకు నా ఉత్తరం సభలో చదవబడునని తమ ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి, సందర్శకుల బల్ల మీద కూర్చున్నాను. నాలుగు రోడ్ల కూడలిలో ఫౌంటెన్‌కు నీలం దీపాలు పెట్టాలా, రంగులు మారేవి పెట్టాలా అని గంటన్నర చర్చ జరిగింది. నీలం రంగు చూస్తే తనకు తలనొప్పి వస్తుందని ఒక సభ్యుడు చెప్పగా, దాన్ని కూడా రాసుకున్నారు. చివరకు రంగులు మారేవాటికి నిధులు ఇచ్చారు. ఆ తరువాతి అంశం మా గది. తమరు లేచి నా ఉత్తరం చదివారు. బాగా చదివారు, కామా ఉన్నచోటల్లా ఆగి మరీ చదివారు. సభ్యులు బల్లలు చరిచారు. నేను పొంగిపోయి, లేచి నిలబడి, చేతులు జోడించాను. తీర్మానం ఏమిటని పక్కాయన్ని అడిగి తెలుసుకునేసరికి తమరు ఇంకో అంశంలో ఉన్నారు. లోటు లేని వార్డుకు గది అనవసరమని మూసేశారట.

4. సమావేశపు మినిట్స్ ప్రతి తెప్పించుకున్నాను. అందులో ఇలా ఉంది: ‘సదరు వార్డు పౌరుడు స్వయముగా హాజరై, లేచి నిలబడి, చేతులు జోడించి, తీర్మానము పట్ల హర్షము వ్యక్తపరచిరి.’ వృత్తిరీత్యా చెబుతున్నాను, ఆ వాక్యంలో ఒక్క అచ్చుతప్పు లేదు. అంత శుభ్రమైన అబద్ధాన్ని నా సర్వీసులో నేను చూడలేదు.

5. ఈ నిర్ణయం ఎలా జరిగిందో కనుక్కుందామని తమ ఆఫీసుకు వచ్చాను. చేతిలోంచి రబ్బరు స్టాంపు దింపని ఒక గుమాస్తా ఉన్నారు. ఆయన్ని అందరూ సీలుగారు అంటారు. మనిషి మర్యాదస్థుడే, కుర్చీ కూడా చూపించారు. ప్రతి వార్డు నుంచీ వచ్చిన ఫిర్యాదులు లెక్కపెట్టి, ఎక్కువ ఉన్న చోటికి నిధులు పంపుతారని ఆయన ఓపిగ్గా చెప్పారు. “పక్క వార్డు వాళ్లు రెండువందల పన్నెండు ఫిర్యాదులు పెట్టారండీ. వాళ్లకి రెండో గది ఇచ్చాం. మీ వైపు నుంచి ఒక్కటీ లేదు, పైగా మీ ఉత్తరం. అడగందే అమ్మైనా పెట్టదు కదండీ,” అన్నారు. అయితే ఇప్పుడే ఫిర్యాదు రాసిస్తానన్నాను. “నడుస్తున్న గది మీదైతే తీసుకుంటామండీ. మూసేసిన గది మీద ఫిర్యాదు ఎలా తీసుకుంటాం?” అన్నారు. పక్క వార్డు గదికి మమ్మల్ని వెళ్లనిస్తారా అంటే, ఆ వార్డు చిరునామా ఉండాలట.

6. నర్సమ్మను జనన మరణ ధ్రువపత్రాల విభాగంలో వేశారు. అనుమతి లేకుండా ఎవరి ఇంటికీ వెళ్లి వైద్యం చేయరాదని మెమో కూడా ఇచ్చారు. పుళ్లు మాన్పే మనిషిని మరణాలు నమోదు చేయడానికి కూర్చోబెట్టిన తమ ముందుచూపును మెచ్చుకోవాలి. కానీ మెచ్చుకోను. ఆ అలవాటు మానుకున్నాను.

7. గది మూసి నేటికి నలభై రోజులు. కట్టు నేనే మారుస్తున్నాను. నావి తెలిసిన చేతులు కావు. మొదటిసారి పాత కట్టును తడపకుండా లాగాను. నా భార్య తువ్వాలు నోట్లో కుక్కుకుంది. నన్ను తిట్టినా బాగుండేది. పుండు మళ్లీ సీసా మూతంత అయింది, ఇప్పుడు వాసన వస్తోంది. ఇద్దరు మనుషులను కుదుర్చుకుని, కుర్చీలో కిందికి దింపించి, రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాను. డాక్టరు చూసి, ఈ నెలాఖరుకల్లా దారికి రాకపోతే వేలు తీసేయాలనీ, అక్కడితో ఆగుతుందని కూడా చెప్పలేననీ అన్నాడు. రోజు విడిచి రోజు ఆ కుర్చీ ప్రయాణం మా వల్ల అయ్యే పని కాదు. నా భార్యకు చెప్పలేదు. ఆమె తలుపు అవతల కుర్చీలోంచి విననే విన్నది. నాకు భయంగా ఉంది, అయ్యా. ఆ కాలు పోతే, పోగొట్టింది నా రాత.

8. ఆ గది కిటికీలోంచి నిన్న తొంగిచూశాను. ఫౌంటెన్ దీపాల పెట్టెలు సింకు మీద దాకా పేర్చి ఉన్నాయి.

కావున తమరిని కోరునది:

నా ఉత్తరమును నాకు వాపసు ఇప్పించవలెను. ఫైలులో చేరిన కాగితం బయటికి రాదని సెలవిచ్చేటట్లయితే, ఈ అర్జీని అదే సభలో, అదే గొంతుతో, కామాల దగ్గర ఆగుతూ చదవవలెను. ఈసారి కూడా వస్తాను, లేవను. మినిట్స్‌లో ‘తీర్మానము పట్ల హర్షము వ్యక్తపరచిరి’ అన్నచోట ‘మోసపోయిరి’ అని దిద్దవలెను. గది తెరిచి, నర్సమ్మను అందులోకి పంపి, ఇళ్లకు వెళ్లేందుకు ఆమెకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవలెను. తమ తదుపరి సమావేశం ఇరవై ఆరున అని తెలిసింది. డాక్టరు గడువు ముప్పైన. మధ్యలో నాలుగు రోజులున్నాయి. తాళం తీయడానికి అంతసేపు పట్టదు.

చిత్తగించినా మానినా, సాంతం చదవవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(ఆ మాట లేనిదే అర్జీ చెల్లదని సీలుగారు చెప్పినందున రాయడమైనది)

తా.క.: ఇది సాపు చేస్తుండగా మా ఇంటికి ఎవరూ రాలేదు. ఈ ఆదివారం సాయంత్రం మూడంతస్తులెక్కి, సంచీ కింద పెట్టి, చేతులు కడుక్కున్నవారు ఎవరూ లేరు. నేను కట్టినదాన్ని చూసి, “బాబాయ్ గారూ, ఇది కట్టా, పార్శిలా?” అని నన్ను ఎవరూ అడగలేదు. విప్పి, కడిగి, మళ్లీ కట్టలేదు. నా భార్య ప్రస్తుతం హాయిగా నిద్రపోవడం లేదు. తమ ఆఫీసు నుంచి ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతాను, సంతకం కూడా పెడతాను. కానీ రాని మనిషి వెళ్తూ వెళ్తూ నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, తన సెలవు రోజున మాత్రమే, వారానికొకసారి కడితే ఈ కాలు నిలవదని చెప్పింది.