బల్లెం పిల్లకి అరడుగు దూరంలో

తొయొహాషి
1997 సెప్టెంబరు 14, ఆదివారం

ప్రియమైన మినెకోకి,

ఈ ఉత్తరం నీలిగీతల చొక్కా జేబులో పెట్టి, ఎప్పుడూ కోఫుకి, మన ఇంటికి పంపే మాసిన బట్టల పెట్టెలో పంపుతున్నాను. ఉతికే ముందు నువ్వు జేబులు తడుముతావని నాకు తెలుసు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "అన్నం తిన్నారా?" అని అడగగానే "ఆఁ, తిన్నాను, పని ఎక్కువగా ఉంది" అనేస్తాను. ఆ ముక్కలు అలవాటైపోయి వాటంతట అవే వచ్చేస్తున్నాయి. కాగితం మీద అబద్ధం రాయాలంటే కాస్త కష్టపడాలి. అంత ఓపిక లేదు, అందుకని నిజమే రాస్తున్నాను.

ఆఫీసు అయ్యాక నేను తిన్నగా గదికి వెళ్లడం లేదు. స్టేషను వెనక వీధిలో, ట్రామ్ ఆగేచోట, మేడ మీద ఒక గేమ్ సెంటర్ ఉంది. మే నెల నుంచి రోజూ అక్కడికి పోతున్నాను. నవ్వకు. నలభై ఏడేళ్లవాణ్ని, టై కట్టుకుని, ఒళ్లో బ్యాగు పెట్టుకుని వీడియో కుస్తీ ఆట ఆడుతున్నాను.

అక్కడ మెషీన్లు వీపుకి వీపు ఆనించి ఉంటాయి. నేను ఇటు కూర్చుంటే, నాతో తలపడేవాడు అటు కూర్చుంటాడు. ఎడమ మోచెయ్యి మెషీనుకి ఆనించి ఆ చేత్తో పిడి తిప్పాలి, కుడిచేత్తో మీటలు నొక్కాలి. ఎవరి తెర వాళ్లకుంటుంది కానీ ఆట ఒకటే. ముఖాలు కనబడవు. అటు తిరిగి వెళ్లి ఎవరా అని చూడటం మర్యాద కాదు, ఎవరూ చూడరు. తెర మీద నేను ఆడించే మనిషి మల్లుడు. భారీ మనిషి, నత్తనడక, కానీ చేతికి చిక్కితే ఎంతటివాణ్నైనా ఎత్తి కుదేస్తాడు. అటువైపు మనిషిది బల్లెం పిల్ల. సగం తెర దూరం నుంచే పొడుస్తుంది. నా మల్లుడు చెయ్యి చాచేలోపు పొడుపు తగులుతుంది. దాటుదామని ఎగిరితే గాల్లోనే గుచ్చి కింద పడేస్తుంది. ఈ జోడీలో మల్లుడు గెలవడం కుదరదని ఇక్కడ అందరూ ఒప్పేసుకున్నారు.

మినెకో, నేను ముప్ఫై ఏళ్లుగా డ్రాయింగు బల్ల మీద గీతలు గీసి బతికినవాణ్ని. వెంట్రుకంత తేడా వచ్చినా కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టినవాణ్ని. అలాంటి నేను ఆ బల్లెం చూసి నోరు తెరిచాను. ఒక్క పొడుపు వృథాగా పోదు. ఒక్క అడుగు ఎక్కువ పడదు. చేతితో అంత కచ్చితంగా పని చేసేవాణ్ని నేను మా మొదటి మేస్త్రీ తరవాత మళ్లీ చూడలేదు. ఓడిపోయి లేచేటప్పుడు నాకు తెలియకుండానే ఆ మెషీనుకి తల వంచి నమస్కారం పెడుతున్నాను.

గేమ్ సెంటర్ చూసుకునేది ఫుకాయా గారని అరవై దాటిన ఆవిడ. సిగరెట్ బూడిద పళ్లాలు తుడుస్తూ నన్ను ఆడిపోసుకోవడం ఆవిడకి కాలక్షేపం.

"ఏం నగుమో గారూ, మీ మల్లుడికి కాళ్లున్నాయా, లేక స్తంభానికి మీసాలు అంటించారా?"

"ఉన్నాయండీ, కాస్త బరువు."

"మనిషిని మార్చుకోండి బాబూ! అంత పెద్ద లిస్టులో ఆ మొద్దే దొరికాడా మీకు?"

మార్చను. ఎందుకంటే ఏప్రిల్ నుంచి నీకు చెప్పని మాట ఒకటుంది. ఈ బల్లెం పిల్లని ఒక్కసారి, ఈ మల్లుడితోనే ఓడిస్తే, ఆ రోజే నీకు అది చెప్పేస్తానని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను. పిచ్చి మాటే. కానీ ఇచ్చుకున్నాను.

పొట్ట బాగానే ఉంది. నువ్వు పంపిన ఊరగాయ అయిపోయింది.

నీ
నోరియో


తొయొహాషి
1997 అక్టోబరు 5

మినెకోకి,

నేను ఇంకా గెలవలేదు. అయినా చెప్పేస్తున్నాను. ఎందుకో వరసగా రాస్తాను, కంగారుపడకుండా చదువు.

గేమ్ సెంటర్ గోడకి దారం కట్టి ఒక నోటుబుక్కు వేలాడదీస్తారు. ఆడేవాళ్లు అందులో ఒకరికొకరు రాసుకుంటారు, సవాళ్లు, వెక్కిరింతలు, బొమ్మలు. నేనెప్పుడూ దాని జోలికి పోలేదు. గురువారం నేను మూడు ఆటలు వరసగా ఓడి లేస్తుంటే ఫుకాయా గారు పిలిచారు.

"ఇదిగో, మీకు ఉత్తరం వచ్చింది. వారమైంది. కళ్లు ఆ తెరకే అప్పగిస్తే ఎలా కనబడుతుంది?"

అందులో చిన్న చిన్న అక్షరాలతో ఇలా ఉంది.

"మల్లుడితో ఆడే పెద్దమనిషికి. మీరు ఎగిరే ముందు ప్రతిసారీ అరడుగు వెనక్కి వేస్తారు. ఐదు నెలలుగా నేను చూస్తున్నది మల్లుణ్ని కాదు, ఆ అరడుగుని. ముందే చెప్పాల్సింది. చెబితే మీరు గెలిచేసి, ఇక రావడం మానేస్తారేమోనని చెప్పలేదు. క్షమించండి. ఇట్లు, బల్లెం."

నా ముఖం తెలియదు, పేరు తెలియదు, ఒక్క మాట మాట్లాడలేదు. రెండు మెషీన్ల అవతల కూర్చుని ఒక మనిషి నన్ను ఇంత దగ్గరగా చూశాడు! నాకే తెలియని నా అలవాటు ఆయనకి తెలుసు. కోపం రాలేదు. సిగ్గు కూడా కాదు. ఎవరో నన్ను ఇంత శ్రద్ధగా పట్టించుకున్నారే అనిపించింది. ఆ పేజీని ఇంకో రెండుసార్లు చదివాను.

గదికి నడుస్తూ ఆ అరడుగు గురించే ఆలోచించాను. గెలిచాకే నీకు చెబుతానని మాట ఇచ్చుకున్నానే, అది కూడా వెనక్కి వేసిన అరడుగే. అందుకని ఇప్పుడే వినేసెయ్.

ఏప్రిల్ నుంచి నాకు పని లేదు. గీతలన్నీ ఇప్పుడు కంప్యూటర్లు గీస్తున్నాయి. నన్ను నాలుగో అంతస్తులో, పాత సామాను పెట్టే గదిలో కూర్చోబెట్టారు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక క్యాలెండరు. ఫోను లేదు, కాగితం లేదు. ఎనిమిదిన్నరకి వెళ్లి ఐదున్నర దాకా కూర్చుంటాను. ప్రతి సోమవారం సిబ్బంది శాఖలో పనిచేసే అరకావా రాజీనామా కాగితం పట్టుకొస్తాడు. "నగుమో గారూ, ఆలోచించుకున్నారా?" అంటాడు. వచ్చే వారం చెబుతానంటాను. అతను కాగితం మడిచి తీసుకెళ్లిపోతాడు. గడువు ఈ నెల ముప్ఫై ఒకటి. ఆ పైన ఎక్కడికి విసిరేస్తారో తెలియదు.

ఆగస్టులో, పోయిన పెద్దల్ని తలుచుకునే ఓబోన్ పండక్కి, పని ఉందని రాలేదు కదా. పని లేదు. నీ ముఖం చూస్తే బయటపడిపోతానని రాలేదు. ఆ నాలుగు రోజులూ గదిలో వెల్లకిలా పడుకుని ఉన్నాను.

శుక్రవారం నా సొంత పెన్సిలూ గళ్ల కాగితమూ ఆ గదికి తీసుకెళ్లాను. బల్లెం ఎంత దూరం వస్తుందో, ఎంతసేపటికి వెనక్కి వెళుతుందో గుర్తున్నంతవరకు కొలతలతో గీశాను. ఆర్నెల్ల తరవాత చేతికి పని దొరికింది. మూడో పొడుపు తరవాత బల్లెం వెనక్కి లాక్కోవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతోంది. ఆ సందులో ఒక్క అడుగు వెయ్యొచ్చు. ఎగరక్కర్లేదు, నడిస్తే చాలు.

నన్ను తిట్టు. తిట్టేది ఉంటే కాగితం మీద తిట్టు, దాచుకుంటాను.

నీ
నోరియో


తొయొహాషి
1997 అక్టోబరు 19

మినెకో,

గెలిచాను!

శుక్రవారం సాయంత్రం. చెరో రౌండు అయింది. మూడో రౌండులో నేను ఒక్కసారి కూడా ఎగరలేదు. పొడుపు కాచుకోవడం, మూడోది కాగానే ఒక అడుగు, మళ్లీ ఆగడం. ఆగడమే కష్టం మినెకో. ఐదు నెలలుగా నేను ఎగిరింది గెలుద్దామని కాదు, ఆగలేక. మల్లుడికి రెండు దెబ్బల ప్రాణం మిగిలింది. అప్పుడు కావాలనే అరడుగు వెనక్కి వేశాను. బల్లెం నింగికి లేచింది, నేను ఎగురుతానని. నేను నేల మీదే ఉన్నాను. రెండడుగులు నడిచి పట్టుకున్నాను. ఎత్తి కుదేశాను.

అవతలి నుంచి "ఆహా!" అని పెద్ద కేక. ఐదు నెలల్లో నేను విన్న మొదటి మాట అది.

ఆయనే లేచి ఇటు వచ్చారు. ట్రామ్ డ్రైవరు. యూనిఫాం జేబులో తెల్ల చేతితొడుగులు మడిచి ఉన్నాయి. పేరు హిరాబయషి. నాకంటే పెద్ద.

"పొద్దస్తమానం ఎడమచేత్తో ట్రామ్ పిడి తిప్పీ తిప్పీ వస్తానండీ. ఇది నాకు కొత్త పనేం కాదు. అయినా నా ఉత్తరంతో నన్నే బోల్తా కొట్టించారు కదండీ!" అని పడీపడీ నవ్వారు.

"మరి నేను గెలిస్తే రానని భయం అన్నారు?"

"మిగతావాళ్లు పదిసార్లు ఓడగానే మనిషిని మార్చేస్తారు, లేదా మాయమైపోతారు. మీరొక్కరే ఆ మొద్దుని పట్టుకుని రోజూ వచ్చారు. డ్యూటీ దిగాక మీరున్నారో లేదో చూసుకోవడానికే నేను మెట్లెక్కేవాణ్ని."

"సోమవారం కూడా వస్తాను."

"వచ్చి తీరాలి. నా పరువు పోయింది!"

ఫుకాయా గారు ఇద్దరికీ డబ్బా కాఫీ ఇచ్చి, "స్తంభం నడిచిందర్రా!" అని అందరికీ వినబడేలా అరిచారు.

ఇక అసలు సంగతి. మొన్న సోమవారం అరకావా వచ్చినప్పుడు కాగితం అతని చేతిలోంచి తీసుకున్నాను. "ఇది ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడకి చూపిస్తాను. ఆ తరవాతే సంతకమో, కాదో" అన్నాను. అతను తెల్లబోయాడు. "ఇంటికా? ఇంతవరకూ ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదండీ. ఇక్కడే సంతకం పెడతారు, లేకపోతే ఇక్కడే చింపేస్తారు" అన్నాడు. నేను తీసుకెళతానన్నాను.

శనివారం, 25న, మధ్యాహ్నం బండికి వస్తున్నాను. నీ జవాబు ఇంకా రాలేదు. కోపం వచ్చి ఉంటుంది, రావాలి కూడా. స్టేషనుకి రాకపోయినా ఏమీ అనుకోను.

నోరియో


కోఫు
1997 అక్టోబరు 22

ఏమండీ,

నాలుగు వందల మంది పిల్లలకి సూపు కాచి ఇప్పుడే బడి వంటగది నుంచి వచ్చాను. ఒళ్లంతా ఉల్లిపాయల వాసన, అయినా ముందు ఇది రాస్తున్నాను. మీ రెండో ఉత్తరానికి జవాబు మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మొదటి దాంట్లో మరీ ఎక్కువ తిట్టాను. మిగతా రెండిట్లో అసలు తిట్టలేదు, అదీ బాగోలేదు.

మీకు పని లేదని నాకు జూన్ నుంచే తెలుసు. ఇరవై రెండేళ్లుగా మీ చొక్కాలు ఉతుకుతున్నాను. కుడి మణికట్టు దగ్గర పెన్సిల్ నలుపు ఎంత రుద్దినా పోయేది కాదు. మేలో వచ్చిన పెట్టె నుంచి ఆ నలుపు లేదు. మొదటి పెట్టెకి సబ్బు మారిందేమో అనుకున్నాను. నాలుగో పెట్టెకి అర్థమైంది. ఆఫీసుకి ఫోను చేద్దామని నంబరు కూడా తిప్పి, పెట్టేశాను. నేను అడిగితే మీరు ఇంకా చక్కగా అబద్ధం చెప్పేవారు. పెళ్లిమాట అడిగిన రోజు మీరేం చేశారో గుర్తుందా? వాన పడుతున్నందుకు నాకు క్షమాపణ చెప్పి బస్టాపు దాకా వెళ్లిపోయారు. మళ్లీ పరిగెత్తుకొచ్చి ఒక్క ఊపిరిలో అంతా చెప్పారు. మీ అరడుగు పట్టుకోవడానికి ఆ డ్రైవరు గారికి ఐదు నెలలు పట్టిందేమో గానీ, నాకు ఆ ఒక్క సాయంత్రం చాలింది. అందుకే మీరు తిరిగి వచ్చేదాకా ఆగాను.

ఓబోన్‌కి రాలేదని మాత్రం ఏడ్చాను. అది మీరు తెలుసుకోవాలి. ఈ నెల మొదటి పెట్టెలో మణికట్టు మళ్లీ నల్లగా ఉంది. పని ఇచ్చారనుకుని చొక్కా పట్టుకుని గెంతాను. జేబులో ఉత్తరం తీసి చదివితే అది బల్లెం గీతల మరక! పోనీలెండి, చేతికి పని దొరికిందిగా.

కాగితం తీసుకురండి. అన్నం తిన్నాక ఇద్దరం కూర్చుని చదువుదాం. సంతకం పెడదామన్నా నాకు భయం లేదు, వద్దన్నా లేదు. స్టేషనులో ఉంటాను. రాకేం చేస్తాను?

మాసిన చొక్కాతో బండెక్కకండి. అందుకే ఈ పెట్టె ముందే పంపుతున్నాను. మణికట్టు నలుపు పోయిన నెల నుంచే మీ చొక్కాలన్నీ ఎడమ మోచేతి దగ్గరే అరిగిపోవడం మొదలైంది. ఎక్కడ ఆనిస్తున్నారో, ఏం చేస్తున్నారో నాకు తెలియలేదు. అక్కడ ఏదో ఒకటి మీకు ఆసరాగా ఉందని మాత్రం అనుకున్నాను. నీలిగీతలది తిరగేసి, ఎడమ మోచేతి లోపలివైపు చూడండి. జులై నుంచి ప్రతి చొక్కాకీ అక్కడ రెండో పొర కుట్టే పంపుతున్నాను.

మీ
మినెకో