నా శవపేటిక మోయవలసిన ఇద్దరు

న్యూ ఇంగ్లండ్, సాల్ట్‌హెవెన్ రేవు. గవర్నరు దొరగారింట్లో వంటచేసే విధవరాలు మెహిటబెల్ స్పూనర్ దేవుడి ఎదుట రాసుకుంటున్న వీలునామా. ఒళ్ళు కుదురుగా లేదు గానీ బుద్ధి కుదురుగానే ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. భయం పెట్టింది, అది ఎప్పుడూ పెడుతూనే ఉంటుంది.

1. నా ఆవు పక్కింటి ప్రూడెన్స్‌కి చెందవలెను. ఎడమపక్క కూర్చుని పితికితే తంతుంది. ఈ మాట చాలాసార్లు చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

2. ఈకల పరుపు నా తమ్ముడి కొడుకు జాబెజ్‌కి. తల్లి లేనివాణ్ణి నేనే పెంచాను. ఇప్పుడు తాళ్ళు పేనే పని మానేసి, రాజుగారి మీద తిరగబడేవాళ్ళకి పెద్దయ్యాడు. దొరగారిని ఇంట్లోంచి ఈడ్చి, ఇల్లు తగలబెడతామని సారా కొట్టులో అరుస్తున్నాడట. పరుపు మీద బూట్లతో పడుకోకూడదు.

3. ఆడపడుచు హెప్జిబాకి ఏమీ లేదు. నా పెళ్ళి కేకు ఉప్పగా ఉందని ఊరంతా చాటింది. సరేలెండి, ఉన్ని శాలువా ఇవ్వండి. దానికి చలి పడదు.

4. గవర్నరు సర్ లయొనెల్ దొరగారికి నేనల్లిన మేజోళ్ళు. మనిషి మంచివాడే, ఎవరి మాటా వినడు. ఓడెక్కి పోదామని దొరసానిగారు ఏడ్చినా కదల్లేదు.

5. నా పెట్టె ముందువైపు దొరగారూ జాబెజూ పట్టవలెను. చావుకి పిలుపుగా పంపే తెల్ల చేతితొడుగులు పుచ్చుకున్నాక మోయడానికి రానివాడు ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. నేను పోయాక ఎవరు పంపుతారో, ఏం మరిచిపోతారోనని నిన్న ఆ ఇద్దరినీ వంటింట్లోకి పిలిచి నేనే ఇచ్చేశాను.

జాబెజ్ వేళ్ళు దూరుస్తూ, "ఏం దొరా, అత్తని మోసేదాకా ఉంటావా, పారిపోతావా?" అన్నాడు.

"ఉంటానయ్యా. మోయడానికి నా చేతులు మిగలనిస్తావా?" అన్నారు దొరగారు.

వాడు బుర్ర గోక్కున్నాడు. "సరే. అత్త ఉన్నన్నాళ్ళూ మావాళ్ళు మీ గడప తొక్కరు."

"అత్త ఉన్నన్నాళ్ళూ నీ మీదికి సిపాయిలు రారు."

చేతిలో చెయ్యేసుకున్నారు. మధ్యలో నిలబడ్డ నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు!

నేను రేపు పోతే ఎల్లుండి ఒకరి ఇల్లు కాలుతుంది, ఇంకొకడు ఉరికంబమెక్కుతాడు. రాత్రంతా అదే దిగులు. కానీ చాలాకాలానికి తీపిగా ఉంది, ఈ దిగులు.

6. దీన్ని అమలు జరపవలసిన చర్చి పెద్ద ఐజక్ పర్విస్ గారికి మనవి: ఇప్పట్లో మీకు పని పెట్టను. దగ్గుకి వైద్యుడిచ్చిన చేదు మందు ఇన్నాళ్ళూ కిటికీలోంచి పారబోశాను. ఈ పొద్దుటినుంచి తాగుతున్నాను. రెండు గరిటెలు, ముక్కు మూసుకుని.

1775 ఫిబ్రవరి 20
మెహిటబెల్ స్పూనర్, స్వహస్తంతో

సాక్షులు: ఓబెడ్ క్రాన్‌షా, రొట్టెలవాడు
డార్కస్ లమ్లీ, మంత్రసాని