నాలుగు ఎర్ర అట్టలు

మార్చి 3

ఇది ఈరోజే రాసిపెట్టాలి. మా లైబ్రరీ కేటలాగులో నోట్స్ కింద నేను ఎక్కించిన వివరాలేవీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి రాలేదు. పాత కార్డులు డ్రాయర్లతో సహా ఎప్పుడో వేలంలో పోయాయి. ఇక మిగిలింది నా జ్ఞాపకం. అది నమ్మదగినది కాదు.

"కోయ పాటలు" — నాలుగు చిన్న పుస్తకాలు. నాలుగు ఊళ్ల టీచర్లు, తమ తమ ఊళ్లలో ఆడవాళ్లు పాడిన పెళ్లి పాటలు రాసుకుని, భద్రాచలంలో ఒకే ప్రెస్సులో వేయించారు. ఖర్చు తగ్గుతుందని ప్రెస్సాయన నాలుగింటికీ అట్టలు ఒకేసారి కొట్టాడు. ఎర్ర అట్ట, అదే పేరు, అవే ముప్పై రెండు పేజీలు. ఏ ఊరు, ఎవరు పాడారు — లోపల మొదటి ఆకు మీద మాత్రమే.

కంప్యూటర్ లెక్కలో ఇప్పుడు పుస్తకం ఒకటి, కాపీలు నాలుగు. ఒకటి ఉంచి, మిగతావి నెలాఖరులోగా తొలగించాలట.

మార్చి 4

హైదరాబాద్‌కు ఫోన్. సాఫ్ట్‌వేర్ కంపెనీ శ్రీకాంత్ మర్యాదస్తుడే.

"టైటిల్ ఒకటే, ప్రెస్ ఒకటే, పేజీలు ఒకటే. తేడా ఏంది మేడమ్?"

లోపల ఉన్నది, అన్నాను.

"లోపలికి సిస్టమ్ పోదు కద మేడమ్..."

నిజమే. ఇరవై ఏళ్లకు పైగా నేను చేసిన పనంతా ఆ లోపలికి పోవడమే. ఇప్పుడు రికార్డులు బయటి నుంచి తయారై వస్తాయి. నేను బార్‌కోడ్ అంటిస్తాను. అటెండర్ వెంకన్న అంటాడు: "పెండ్లి కార్డులకు బొట్టు వెట్టినట్టే గద మేడమ్ మన పని." నవ్వాను.

తొలగింపు ఆపమని పైకి కాగితం పెట్టాను.

మార్చి 9

కాగితం కదలలేదు.

మార్చి 14

ఏన్కూరు నుంచి కుంజా లక్ష్మి వచ్చింది. నర్సు. తల్లికి పక్షవాతం, మాట పడిపోయింది. వచ్చే నెల చెల్లెలి పెళ్లి.

"అమ్మే పాడాలె మేడమ్. ఇగ పాడలేదు. నేను హాస్టల్‌ల పెరిగిన, నాకు ఒక్క పాట రాదు. అమ్మ పాడినయి మీకాడ బుక్‌ల ఉన్నయంట. ఎర్రదంట."

వెంకన్న తెచ్చాడు. ఆమె మొదటి ఆకు చదివింది.

"ఇది మాది కాదు మేడమ్. వాగవతలోళ్లది. ఇంకోటి లేదా?"

వెంకన్న నా వైపు చూసి, గొంతు తగ్గించి: "మిగతా మూడు నిన్ననే తూకానికి పోయినై మేడమ్."

ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. అంతకంటే ఏం చేయగలను...

మార్చి 15

పాత పేపర్ల కొట్టు. "సగం మిల్లుకు పోయినై. జల్దీ చూసుకోండ్రి" — యజమాని.

దుమ్ము. ఎండ. ఒకటి దొరికింది. అట్ట సగమే ఉన్నది. మొదటి ఆకు లేదు.

"బజ్జీల బండోళ్లు ముందాకులే చింపుకుంటరమ్మా."

మార్చి 17

పేపర్ మిల్లు వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 20

సెలవు పెట్టాను. వైరా నుంచి తల్లాడ, అక్కడ బస్సు మారి ఏన్కూరు. లక్ష్మి కిరాయి గది. మంచం మీద తల్లి.

కొట్టులో దొరికిన పుస్తకం లక్ష్మి చదువుతున్నది — కోయ మాట, తెలుగు అక్షరం — రాగం లేకుండా, వార్తలు చదివినట్టు. మూడో పాట దగ్గర తల్లి కంట నీరు. ఎడమ చేతి వేళ్లు దుప్పటి మీద కదులుతున్నాయి. దరువో, వణుకో.

"అమ్మా, గిది నీదేనా? అవ్ అంటె కండ్లు మూయ్."

మూసింది.

లక్ష్మి నా చేయి పట్టుకుంది. అంతలోనే ఏదో తోచినట్టు, మళ్లీ అడిగింది: "వాగవతలోళ్లదా అమ్మా?"

దానికీ మూసింది.

"నిద్రొచ్చిందేమో మేడమ్." నవ్వబోయి ఆగిపోయింది. తర్వాత, గుమ్మం దగ్గర: "పెండ్లిల ఇవే పాడుతం. వేరే ఊరోళ్లవి అని ఎవరన్న అంటే... మీరు లైబ్రరీల మా ఊరి పేరు మీదనే ఎక్కియ్యిండ్రి మేడమ్."

తలూపానో లేదో గుర్తు లేదు.

మార్చి 23

మొదటి ఆకు లేని ఆ పుస్తకానికి విడిగా రికార్డు చేస్తున్నాను. రూఢిగా తెలియని వివరాన్ని కార్డుల కాలంలో చదరపు బ్రాకెట్లలో పెట్టి, పక్కన ప్రశ్నార్థకం వేసేవాళ్లం. ఊరి గడిలో అలాగే వేశాను. సాఫ్ట్‌వేర్ చెల్లదన్నది. ఖాళీగా వదిలితే మళ్లీ లైబ్రరీలో ఉంచిన ఆ ఒక్కదాని రికార్డులో కలిసిపోతుంది. ఇదీ అదనపు కాపీయే అవుతుంది. లక్ష్మి ఊరి పేరు వేస్తే నిలుస్తుంది. రేపు ఎవరు చూసినా అదే నిజం.

మార్చి 24

లక్ష్మి ఫోన్. "ఎక్కిచ్చిన్రా మేడమ్? నేను రెండు పాటలు నేర్సుకున్న. అమ్మ దగ్గర కూసోని పాడుతున్న."

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉన్నది. నెలాఖరు దగ్గర పడింది.

ఈ పాటలు ఆమె తల్లి పాడినవో కావో నాకు తెలియదు.