అఖిల చెవి సంగతి

జనగామ

అక్కా, అఖిల బాగానే ఉంది, ముందు ఆ మాట నమ్ము. ఫోన్లో చెప్పడానికి నోరు రాక ఈ కార్డు రాస్తున్నాను.

నన్ను నమ్మి పిల్లను చదువు కోసం నా దగ్గర ఉంచావు. రెండు నెలలుగా పిలిస్తే పలకడం లేదు. మొండికేస్తోందనుకున్నాను, బడిలో సారు కూడా అదే అన్నాడు. మొన్న ఆదివారం నాలుగుసార్లు పిలిచినా టీవీ ముందు నుంచి కదలకపోయేసరికి చెంప మీద కొట్టాను. మర్నాడు జలుబని దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ చెవులు కూడా చూసింది. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందట, అందుకే మాటలు సరిగా వినిపించడం లేదట.

"మరి నాకెందుకు జెప్పలే బిడ్డా?" అన్నాను.

"అందరికి గిట్లనే ఇనవడ్తదనుకున్న మామా" అంది.

ఎదిగే పిల్లల్లో ఇది మామూలేనట, చాలామందికి దానంతటదే తగ్గుతుందట. మూడు నెలలు చూసి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్ చేస్తామన్నారు. చిన్నప్పుడు దాని చెవి ఎప్పుడైనా కారిందా? డాక్టరమ్మ అడిగింది, తప్పక రాయి. చిన్నోడికి చెవి నొప్పి అంటే నూనె కాచి పోయకు, డాక్టరుకు చూపించు. బావకు ఇంకా పొద్దటి షిఫ్టేనా? కొట్టిన సంగతి ఆయనకు నువ్వే నెమ్మదిగా చెప్పు. ఆయనకు నా నమస్కారాలు, చిన్నోడికి ముద్దులు.

ఇప్పుడు దూరం నుంచి పిలవడం మానేసి, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నాను. తల నిమురుదామని చెయ్యి చాపితే మాత్రం ఇంకా కళ్లు గట్టిగా మూసుకుంటోంది.

నీ తమ్ముడు,
నగేశ్