ఫిరంగిరాయి దీపం నుండి విడుదల కోరుట

మిట్టపాలెం, కారంపూడి దగ్గర
12-5-1946

గురజాల తహసీల్దారు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా కళ్లంలో నాటిన మిలిటరీ రాయి దేవుడు కాదని కాగితం మీద వ్రాసి ఇప్పించవలసినదిగా మనవి.

1. నేను పై గ్రామ కాపురస్తుడు బత్తుల చిన రాఘవులు కుమార్తెను. ఎనిమిదో తరగతి ప్యాసయినాను. మా వంశంలో వ్రేలిముద్ర వేయక సంతకం చేసే మొదటి మనిషిని.

2. 1943 వేసవిలో మిలిటరీవారు మా కళ్లంలో నాలుగు ఫిరంగులు నిలిపి, ఎదుటి గుట్ట మీదికి మూడు వారాలు పేల్చి అభ్యాసం చేసినారు. శత్రువులెవ్వరూ రాలేదు. గుట్ట మాత్రం ఓడిపోయినది. మా గేదె నేటికీ ఉరుము వింటే పాలు ఎగబెట్టును. ఆ దళంవారు తరువాత బర్మా వెళ్లి వచ్చినారట. జ్ఞాపకార్థం దుర్గి శిల్పుల చేత ఒక రాయి చెక్కించి, పైన ఫిరంగి బొమ్మ, కింద నాలుగు వరుసల ఇంగ్లీషు వేయించి, మొన్న ఫిబ్రవరిలో మా కళ్లంలో నాటించినారు.

3. నాటిన రోజున ఆ రాతికి రెండు బంతిపూలు పెట్టితిని. యుద్ధానికి వెళ్లినవారిని గౌరవించవలెనని మా టీచరు దయామణి గారు చెప్పియుండిరి. తప్పు అక్కడ జరిగినది. సాయంత్రానికి పసుపు వచ్చినది. మరునాటికి కొబ్బరికాయ. నెల తిరగకముందే పిల్లల కోరింతదగ్గుకు ప్రదక్షిణలు మొదలైనవి. మా వైపు ఆయుధం చెక్కిన రాయి కనబడితే కారంపూడి వీరులలో ఒకరిదే అనుకుందురు.

పల్నాటి యుద్ధంలో ఫిరంగులు లేవని నేను చెప్పగా, మునసబు శ్రీమన్నారాయణ గారు “ఏమే, నువ్వేమన్నా పోయి చూసొచ్చావా?” అన్నారు. “ఈ చోట ఫిరంగులు నిలిచినవి” అని, దళం పేరు, తేదీలు మాత్రమే ఉన్నవని, ఇంగ్లీషు ముక్కలు పైకి చదివి వినిపించితిని. పక్కింటి రమణమ్మత్త చేతులు జోడించి, “ఎంత పెద్ద మంత్రమో చూశారా! ఇంకోసారి చదవ్వే” అన్నది. అప్పటి నుండి ప్రతి గురువారం చదువుచున్నాను.

4. ఇక నా కష్టం. తొలిపువ్వు పెట్టిన చెయ్యే కార్తీకంలో జరిగే వీరుల తిరునాళ్ల దాకా రోజూ దీపం పెట్టవలెనని, అందాకా ఊరు దాటరాదని పెద్దలు తీర్మానించినారు. గుంటూరు టీచరు ట్రైనింగు స్కూలులో నాకు సీటు వచ్చినది. జూలై ఒకటిన చేరనియెడల వేరొకరికి ఇచ్చెదరు. మునసబు గారిని బతిమాలితే, “వీరుడికి కోపమొచ్చి పేలిస్తే నీకేంది, నువ్వు గుంటూర్లో ఉంటావు” అన్నారు. మా నాన్న, “చానా చదివావుగా అమ్మా, దానికే ఇంగ్లీషులో చెప్పు, నిన్ను పంపమని” అన్నాడు. ఎగతాళికి కాదు. అతనికి వేరే దారి తెలియదు.

5. రాయిని తీయించమని నేను కోరుట లేదు. అది సర్కారు వారి గుర్తు మాత్రమే అనియు, దానికి దీపము, మంత్రము అక్కరలేదనియు, నేను గుంటూరు వెళ్లినచో అది పేలదనియు వ్రాయించి, కచేరీ ముద్ర వేయించవలెను. ముద్ర పెద్దదిగా ఉండవలెను. మా ఊళ్లో చదువరులు తక్కువ గాని, ముద్రకు మర్యాద ఉన్నది.

జూలై ఒకటి లోగా తమ ఉత్తరువు కొరకు దారి చూచుచుండు,

తమ విధేయురాలు,
బత్తుల కృష్ణకుమారి
(నా సొంత సంతకం)

మరొక మనవి: ఈ అర్జీ మంజూరైతే ఆ రాతికే కోడిని ఇచ్చెదనని మా అమ్మ అంజమ్మ మొక్కుకున్నది. వద్దంటే వినలేదు. నేనును టపాలో వేయబోవు ముందు దీనిని ఒక్కసారి రాతి మీద పెట్టి తీసినాను. మూలనున్న పసుపు మరక దానిదే. మన్నించవలెను.