లోడింగు వరుస

బావా,

నువ్వు పోయి ఈరోజుకి పదేళ్లు. పొద్దున గాజువాక లారీ యార్డులో మీటింగు పెట్టారు. కత్తిపోట్లు, తలలు పగలడాలు ఇక్కడ బాగా తగ్గాయని, అదంతా కెమెరాల వల్లేనని ఎస్సై చెప్పాడు.

"కెమేరాలేటి బాబూ! కుర్రోళ్లందరికీ అచ్యుతాపురంలో పనులు దొరికినాయి. కొట్టుకోడానికి కాళీ ఏదీ?" అంది టీకొట్టు అప్పలమ్మ.

ఇద్దరి మాటా కొంత నిజమే కావచ్చు. నాకు తోచింది వేరు. ఇప్పుడు లోడింగు వంతు ఫోనులో వస్తోంది. మన రోజుల్లో గుమస్తా నంబరు కేకేసేవాడు. ఆ సమయానికి లారీ దగ్గర మనిషి లేకపోతే వరుస చివరికి పోవాలి. సగం గొడవలు దానికే.

ఆ రోజు నన్ను లారీ దగ్గర ఉంచి నువ్వు భోజనానికి వెళ్లావు. తిరిగొచ్చాక, "మన నంబరు పిలవనేదు బావా, ఎనకున్నోడిని ముందెట్టేసినారు" అన్నాను. నువ్వు వాళ్ల మీదికి వెళ్లావు. జాకీ రాడ్డు దెబ్బకి మళ్లీ లేవలేదు.

మీటింగులో తలా ఒక కారణం చెప్పారు. నేను ఇంటికొచ్చి నీకు ఇది రాస్తున్నాను.

మన నంబరు రెండుసార్లు పిలిచారు బావా. నేను టీకొట్టు దగ్గర ఉన్నాను.