ఇల్లు కదలని కథానాయిక

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, చెల్లీ, మరిదిగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులోనే చెప్పొచ్చు గానీ, నీకు వినపడదని చెల్లి స్పీకరు పెడుతుంది. అప్పుడు నీ బదులు ఇంటిల్లిపాదీ నాకు జవాబు చెబుతారు. అందుకే ఉత్తరం. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువుకో. ఎవరిచేతా చదివించుకోకు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు దిగేటప్పుడు మాత్రం పలకరిస్తుంది. వంటింటి కుళాయి బాగుచేయించాను. మీ అల్లుడికి కొత్త మేనేజరుతో గొడవలేమీ లేవు, ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు కాబట్టి. "నువ్వు నవల రాస్తున్నావట, నీకిప్పుడెందుకే ఈ గోల?" అని కూడా అడిగావు. ఎందుకో నాకూ తెలియడం లేదమ్మా.

మా వీధి చివర గ్రంథాలయంలో వచ్చే నెలంతా నవల రాసే పోటీ పెట్టారు. ఎవరితో వాళ్ళకే పోటీ. ఒకటో తారీఖున మొదలుపెట్టి నెలాఖరుకు చిత్తుప్రతి ముగించాలి. అంతకుముందు నవల్లో ఒక్క వాక్యం కూడా రాయకూడదు, సిద్ధం కావడం మాత్రం కావచ్చు. సిద్ధం కావడం నాకు ఒకరు నేర్పాలా? నెలకు సరిపడా వంటసామాను తెచ్చి డబ్బాలకెత్తాను. దుప్పట్లన్నీ ఉతికేశాను. ఆ తర్వాత నవల్లో మనుషుల సంగతి చూశాను.

నా కథానాయిక గడియారాలు బాగుచేస్తుంది. ఆమెకు మంచి వెలుతురున్న దుకాణం చూశాను. గొడవ పెట్టని ఇంటి యజమానిని ఇచ్చాను. పిల్లలకు బడి దగ్గర, భర్తకు పని దగ్గర. అన్నీ కుదిరాక ఆ పథకం రాసిన కాగితాలు గ్రంథాలయానికి తీసుకెళ్ళి లైబ్రేరియన్‌గారికి చూపించాను. ఆవిడ శ్రద్ధగా చదివింది.

"బాగుందండీ. మరి ఈమెకు కష్టం ఏది?"

"మొదట్లో ఉండేదండీ. అత్తగారికి పెద్ద జబ్బు. నయం చేయించేశాను."

"ఎన్నో అధ్యాయంలో?"

"అధ్యాయాల దాకా రానిస్తామా అండీ? ముందే."

పక్కన రిటైరైన రైలు డ్రైవరుగారు కూర్చుని ఉన్నారు. ఆయన వేసుకున్న పథకంలో మొదటి పేజీలోనే ముగ్గురు చనిపోతారు. "అమ్మగారూ, మీ నవల్లో ఇల్లేదైనా ఖాళీగా ఉంటే చెప్పండి. మిగిలిన నావాళ్ళని పంపించేస్తాను," అన్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. "కనీసం గ్యాసైనా అయిపోదా అమ్మా?" అంది నీ మనవరాలు.

"రెండో సిలిండరు పెట్టానే."

మీ అల్లుడు పేపరు దించకుండానే, "నన్నూ అందులోకి మార్చెయ్. అక్కడ ఎవరూ కసురుకోవట్లేదు," అన్నారు.

లైబ్రేరియన్‌గారే ఒక ఉపాయం చెప్పింది. ఈమె ఒకరోజు చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోతే ఎలా ఉంటుందని. సరేనని ఇంటికొచ్చి కూర్చున్నాను. వెళ్ళాలంటే బడి నుంచి పిల్లల్ని ఎవరో ఒకరు తేవాలి, పక్కింటావిడతో మాట్లాడించాను. భర్తకు రెండు పూటలకూ వండి పెట్టించాను. తాళంచెవి అత్తగారికి ఇప్పించాను. ఇవన్నీ చేయించేసరికి చీకటి పడింది, ఈ వేళప్పుడు ఎక్కడికి పోతుందిలే అని నేనే ఆపేశాను.

ఏ ఏర్పాటూ చేయకుండా వెళ్ళిపోయే ఆడమనిషి ఎలా ఉంటుందో అని ఆలోచించాను. అమ్మా, నువ్వు కనిపించావు.

నేను మూడో తరగతి. నువ్వు తల తుడుచుకోకుండా, తడి జుట్టుతోనే, నీలం సంచి పట్టుకుని వెళ్ళావు. నేను కిటికీలోంచి చూశాను. పొయ్యి మీద పాలు అలాగే ఉన్నాయి. పెద్ద పిన్ని పురుటికి వెళ్ళావని నాన్న చెప్పారు. మర్నాడు పెద్ద పిన్నే సైకిలు తొక్కుకుంటూ మన ఇంటికొచ్చింది. నాన్న తడబడకుండా, "కాదు, చిన్న పిన్నికి," అన్నారు. చిన్న పిన్నికి అప్పటికి పెళ్ళే కాలేదు. కొన్నాళ్ళకు నువ్వొచ్చావు. గిన్నెలన్నీ తోమి, నాకు జడ వేశావు. ఎవరూ ఏమీ అడగలేదు.

దీన్ని నవల్లో పెట్టుకోవచ్చా? ఎవరి సంగతో చెప్పకుండా మీ అల్లుణ్ణి అడిగాను. "పేరు మార్చి రాసెయ్, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. నీకు తెలుస్తుంది కదా. నీ వంటింట్లో చెంచా తీసుకోవాలన్నా నిన్నడిగే తీసుకునేదాన్ని. ఇంత పెద్దది అడగకుండా ఎలా తీసుకోను?

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఇంకొకటి ఉంది.

మొన్న మంగళవారం, ఇల్లు వదిలి వెళ్ళే మనిషి ఏమేం పట్టుకెళ్తుందో తెలుసుకుందామని సంచి సర్దాను. రెండు జతల బట్టలు, దువ్వెన, మందులు. బరువు ఎలా ఉంటుందో చూద్దామని బస్టాండు దాకా మోసుకెళ్ళాను. కథ కోసమేనమ్మా. అక్కడ ఒక బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఏ ఊరిదో చూడలేదు. మెట్టు మీద కాలు పెట్టాను.

"ఎక్కుతారా, దిగుతారా? ఏదో ఒకటి తేల్చండమ్మా," అన్నాడు కండక్టరు. వెనకాల జనం. నేను పక్కకు తప్పుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎక్కబోయినందుకు కాదు, అది వెళ్ళిపోయినందుకు.

ఎందుకో అర్థం కావడం లేదు. మీ అల్లుడు మంచివారు. పిల్ల బుద్ధిమంతురాలు. ఇంట్లో ఏ లోటూ లేదు, ఏ లోటూ రానివ్వకుండా చూసుకునేది నేనే. మరి ఆ బస్సులో నాకేం పని? సంచి మంచం కింద పెట్టాను. ఇంకా విప్పలేదు. విప్పుదామని వంగుతాను, ఏదో పని గుర్తొచ్చి లేచిపోతాను.

ఒకటో తారీఖు లోపల జవాబు రాయి. నీ సంగతి రాయొద్దంటే రాయను, గడియారాల మనిషిని హాయిగా దుకాణంలోనే కూర్చోబెడతాను. ఎక్కడికి వెళ్ళావో నాకు చెప్పక్కర్లేదు. ఎందుకు వెళ్ళావో కూడా వద్దు, అది మంగళవారం నుంచి కొంచెం తెలిసినట్టే ఉంది. తిరిగి ఎందుకు వచ్చావో చెప్పు. పిల్లల కోసమని మాత్రం రాయకు. ఆ రోజు నాకు జడ వేస్తూ నువ్వేదో కూనిరాగం తీశావు. అంతకుముందెప్పుడూ నువ్వు పాడగా నేను వినలేదు.

ఇట్లు,
ప్రస్తుతానికి ఇంట్లోనే ఉన్న
నీ పెద్దమ్మాయి